టెయిల్‌స్కేల్ వీపీఎన్: దుకాణం కంప్యూటర్ ఐపీ చిరునామా కోసం ఇక వెతుక్కోనక్కరలేదు

పర్లాకిమిడిలో బియ్యం, పప్పుల టోకు వ్యాపారం చేసే ఒక దుకాణానికి నేను లెక్కలు రాస్తాను. దుకాణం ఒడిశాలో, గిడ్డంగి సరిహద్దుకు అవతల పాతపట్నంలో ఉన్నందున జీఎస్టీ నమోదులు కూడా రెండు. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ మాత్రం దుకాణంలోని ఒకే కంప్యూటర్‌లో ఉంటుంది. గిడ్డంగి నుంచి గానీ ఇంటి నుంచి గానీ దానిని రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా తెరవడానికి టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్‌ను, అంటే వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లను ఇంటర్నెట్ మీదుగా ఒకే సొంత నెట్‌వర్క్‌లా కలిపే సేవను, వాడుతున్నాము. వీపీఎన్‌లో ఉన్న కంప్యూటర్ ఐపీ చిరునామాను (నెట్‌వర్క్‌లో దానిని గుర్తించే అంకెలను) కనుక్కోవడం ఇందులో ఎంత సులువో, ఎక్కడ తికమక పెడుతుందో అన్నంత వరకే ఈ సమీక్ష.

వీపీఎన్‌కు కలిపిన కంప్యూటర్‌కు సంబంధించి సాధారణంగా మూడు చిరునామాలు ఉంటాయి. రౌటర్ ఇచ్చేది ఒకటి, అది చాలా ఇళ్లలో 192.168తో మొదలవుతుంది, ఇంటర్నెట్ సంస్థ తరఫున బయటి వెబ్‌సైట్లకు కనిపించేది రెండోది, వీపీఎన్ తన సొరంగం లోపల కేటాయించేది మూడోది. దూరం నుంచి కంప్యూటర్‌ను తెరవడానికి కావలసింది ఈ మూడోదే. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే అది కూడా కనిపిస్తుంది గానీ, వైఫై, ఈథర్‌నెట్, బ్లూటూత్ వివరాల మధ్య ‘అన్‌నోన్ అడాప్టర్ టెయిల్‌స్కేల్’ అనే శీర్షిక కింద ఉంటుంది. దుకాణంలో కుర్రాడికి ఫోన్ చేసి ఐపీ చదవమంటే, “రెండు మూడు చోట్ల ఉన్నాయండీ, ఏది చెప్పమంటారు?” అని అడిగేవాడు. అడగడంలో అతని తప్పేమీ లేదు.

టెయిల్‌స్కేల్‌లో ఆ ఫోన్ అవసరమే ఉండదు. తెర మీద కింది మూల గడియారం పక్కనున్న చుక్కల గుర్తును నొక్కితే ‘దిస్ డివైస్’ అన్న వరుసలో కంప్యూటర్ పేరు, దాని పక్కనే చిరునామా కనిపిస్తాయి. ఆ వరుసను నొక్కితే చిరునామా కాపీ అవుతుంది. మొబైల్ యాప్ తెరిస్తే మన ఖాతాలో ఉన్న యంత్రాలన్నీ వాటి చిరునామాలతో సహా వరుసగా ఉంటాయి కాబట్టి, దుకాణం కంప్యూటర్ ఐపీని పాతపట్నంలో కూర్చునే చూసుకోవచ్చు. అంతకంటే పెద్ద సదుపాయం ఏమిటంటే, ఆ చిరునామా మారదు. కరెంటు పోయి వచ్చి రౌటర్ కొత్త అంకెలు పంచిపెట్టినా, బ్రాడ్‌బ్యాండ్ పనిచేయక మొబైల్ హాట్‌స్పాట్‌కు కలిపినా, కంప్యూటర్‌ను ఖాతా నుంచి తొలగించి మళ్లీ చేర్చనంత వరకు అదే కొనసాగుతుంది. అంకెలు గుర్తుండనివారు మ్యాజిక్ డీఎన్ఎస్ సదుపాయంతో కంప్యూటర్ పేరునే వాడుకోవచ్చు.

తికమక అంతా ఈ చిరునామా 100తో మొదలవడంలో ఉంది. 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు ఉన్న చిరునామాలను 2012లో ఇంటర్నెట్ సంస్థల లోపలి వాడకానికి ప్రత్యేకించారు. పాత తరహా ఐపీ (ఐపీవీ4) చిరునామాల కొరత వల్ల చాలా సంస్థలు ఒకే బయటి చిరునామా వెనుక ఎందరో చందాదారులను ఉంచి, ఒక్కొక్కరి రౌటర్‌కు ఈ వరుసలోని అంకెను ఇస్తాయి. టెయిల్‌స్కేల్ కూడా తన యంత్రాలకు ఇదే వరుసను వాడుతుంది. అందువల్ల రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కు బయటి వైపున ఉండే చిరునామా) అన్న చోట 100.72తో మొదలయ్యేది, టెయిల్‌స్కేల్‌లో 100.90తో మొదలయ్యేది కనిపించి, రెండూ ఒకటేనేమో, ఏదో మారిందేమో అనిపించవచ్చు. మొదటిది సంస్థ మన రౌటర్‌కు ఇచ్చినది, దానితో మన పని జరగదు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను లోపలి కంప్యూటర్‌కు పంపే ఏర్పాటు) ఎంత జాగ్రత్తగా పెట్టినా బయటి నుంచి కంప్యూటర్ అందకపోవడానికి కారణం కూడా అదే: సంస్థ వైపు ఇంకొక తలుపు ఉంటుంది, దాని తాళం మన చేతిలో ఉండదు. టెయిల్‌స్కేల్‌లో రెండు వైపుల యంత్రాలూ లోపలి నుంచి బయటికే కనెక్షన్ మొదలుపెడతాయి కాబట్టి అదనపు రుసుము కట్టి మారని బయటి చిరునామా (స్టాటిక్ ఐపీ) తీసుకోవలసిన పని లేదు.

ఇంకొక అపోహ కూడా ఉంది. టెయిల్‌స్కేల్ ఆన్‌లో ఉండగా ‘నా ఐపీ ఏది’ అని చెప్పే వెబ్‌సైట్ తెరిస్తే ఇంటర్నెట్ సంస్థ చిరునామాయే కనిపిస్తుంది; వీపీఎన్ పనిచేయడం లేదని దాని అర్థం కాదు. ఇది మన యంత్రాల మధ్య రాకపోకలను మాత్రమే సొరంగంలో పంపుతుంది. వేరొక యంత్రాన్ని ఎగ్జిట్ నోడ్‌గా, అంటే మన ఇంటర్నెట్ రాకపోకలన్నీ దాని మీదుగా వెళ్లేలా, పెట్టుకున్నప్పుడే బయటివారికి ఆ యంత్రం వైపు చిరునామా కనిపిస్తుంది. ఊరు, పేరు దాచుకోవాలని వీపీఎన్ కొనేవారు వేరే సేవ చూసుకోవాలి.

వేగం గురించి ఫిర్యాదు లేదు. యంత్రాలు నేరుగా కలిశాయో, మధ్యలో రిలే సర్వర్ మీదుగా వెళుతున్నాయో టెయిల్‌స్కేల్ స్టేటస్ అనే ఆదేశం చెబుతుంది. విండోస్ మెనూ అంతా ఆంగ్లంలోనే ఉండడం మా కుర్రాడికి కొంత ఇబ్బంది. సొంత వాడకానికి ఉచిత ప్లాన్ ఉంది. గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావచ్చు.

పెట్టించుకునేవారు మూడు సంగతులు ముందే చూసుకోవాలి. విండోస్ హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌ను దాని సొంత రిమోట్ డెస్క్‌టాప్‌తో బయటి నుంచి తెరవడం కుదరదు, ప్రో ఉండాలి. లాగిన్ గడువు మామూలుగా 180 రోజులు. అది తీరితే దుకాణం కంప్యూటర్ దగ్గర ఎవరో ఒకరు మళ్లీ లాగిన్ కావలసి వస్తుంది కాబట్టి, ఆ ఒక్క యంత్రానికి గడువును అడ్మిన్ పేజీలో ఆపివేయడం మేలు. కరెంటు కోతలు ఉండే మా వంటి ఊళ్లలో ‘రన్ అన్‌అటెండెడ్’ను కూడా ఆన్ చేసుకోవాలి. లేకపోతే కంప్యూటర్ మళ్లీ లేచినా, ఎవరో వచ్చి విండోస్ పాస్‌వర్డ్ కొట్టే వరకు అది వీపీఎన్‌లోకి రాదు.