వాషర్ ఫ్లూయిడ్ మంచిదే, ఏడిపించింది నీళ్లు

ఏ బ్రాండ్ కొనాలన్న సంగతి ముందే తేల్చేస్తాను. పెద్ద తేడా లేదు. కారు ముందద్దం మీద చిమ్మి వైపర్‌తో తుడిచే వాషర్ ఫ్లూయిడ్‌లో, నీళ్లలో కలుపుకునే చిన్న సీసాల రకాన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను, కంపెనీలు కూడా మార్చి చూశాను. రంగు, వాసన తప్పిస్తే అద్దం మీద అన్నీ ఇంచుమించు ఒకేలా పనిచేశాయి. సీసా మీద ఎంత కలపాలో రాసి ఉంటుంది, ఏ నీళ్లలో కలపాలో మాత్రం చాలామంది పట్టించుకోరు. నా గొడవంతా ఆ నీళ్ల గురించే.

పగటిపూట తిరిగేవాళ్లకు ఈ ఫ్లూయిడ్ విలువ అంతగా తెలియదు. రాత్రి హైవే మీద తెలుస్తుంది. లారీల పొగ, రోడ్డు జిడ్డు కలిసి అద్దం మీద కంటికి కనపడని పొరలా పేరుకుంటాయి. ఉత్త నీళ్లు కొట్టి వైపర్ వేస్తే ఆ జిడ్డు పోదు, అటు నుంచి ఇటు పులుముకుంటుంది అంతే. ఎదురు బండి హైబీమ్ పడిందంటే అద్దమంతా తెల్లబడిపోయి ముందున్న బైకు కూడా కనపడదు. యాభై దాటిన కళ్లకు అది నరకం. ఫ్లూయిడ్ కలిపిన నీళ్లయితే వైపర్ రెండుసార్లు ఊగేసరికి అద్దం తేటపడుతుంది. ఫ్లూయిడ్ బదులు షాంపూ కలిపే చిట్కా చాలామంది చేస్తారు గానీ నాకు నచ్చదు. నురగ ఎక్కువ, బానెట్ మీద కారి ఎండితే చారలు, రాత్రి లైట్లకు అద్దం మీద కూడా అవే చారలు.

ఇక అసలు కథ. దసరాకు విజయవాడ బయల్దేరే ముందు బండిని సర్వీసింగ్‌కు ఇచ్చాను. బిల్లులో వాషర్ ఫ్లూయిడ్ అని ఒక లైను ఉంది, డబ్బు కట్టాను. సూర్యాపేట దాటేసరికి చీకటి పడింది. ఆ రోజుల్లో సాగర్ ఎడమ కాలువ కింద వరి మంచి ఏపు మీద ఉంటుంది, పచ్చదోమ లైట్ల మీదికి మందలుగా ఎగబడుతుంది. హెడ్‌లైట్ల వెలుగులో వాన పడుతున్నట్టే ఉంది. వాషర్ లీవర్ లాగాను. పంపు గుర్రుమంది గానీ నా వైపు నాజిల్ (అద్దం మీదికి నీళ్లు చిమ్మే మూతి) నుంచి చుక్క రాలేదు. ఎడమ వైపుది రెండు బొట్లు కార్చి ఊరుకుంది. ఈలోగా వైపర్లు వాటి పని అవి చేశాయి. పొడి అద్దం మీద వేల పురుగుల్ని నూరి, నా ముఖానికి ఎదురుగా ఒక పచ్చటి లేపనం పూసిపెట్టాయి.

కోదాడ ఇంకా దూరం. పక్కన పిల్లలు, వెనక లారీ హారన్. స్పీడు తగ్గించి, ఎడమ లైన్లో తల పక్కకు వంచి, అద్దం మూలనున్న కాస్త జాగాలోంచి చూసుకుంటూ ఒక టీ కొట్టు దాకా నడిపాను. ఆ కాసేపు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. తాగే నీళ్ల సీసా అద్దం మీద కుమ్మరించి, కొట్టతను ఇచ్చిన పాత పేపరుతో తుడిచాం. మా ఆవిడ పిన్నీసు తీసి నాజిల్ రంధ్రంలో గుచ్చితే తెల్లటి పలుకు ఒకటి ఊడి వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే సుద్దలా పొడి అయింది. గీజర్ కాయిల్‌కు పట్టే సున్నం ఎలా ఉంటుందో అచ్చం అదే.

తిరిగొచ్చాక సర్వీస్ సెంటర్‌కు వెళ్లి అడిగాను.

"ఫ్లూయిడ్ పోశాం సార్, ట్యాంకు నింపడానికి నీళ్లు కలుపుతాం కదా" అన్నాడు అక్కడి అడ్వైజరు.

"ఏ నీళ్లు బాబూ?"

"బండ్లు కడిగే పైపు ఉంది కదా సార్, అవే."

బండ్లు కడిగేది బోరు నీళ్లతో. ఊరి చివర రాతినేలలో ఎంత లోతుకు వేసిన బోరో ఏమో. ఆ నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉన్నంతసేపూ కనపడవు. కానీ నాజిల్ ఉండేది బానెట్ మీద. పైన ఎండ, కింద ఇంజన్ వేడి. పిచికారీ ఆగిన ప్రతిసారీ రంధ్రంలో మిగిలిన బొట్టు ఆరిపోయి, వెనక తెల్లటి పూత మిగులుతుంది. సూది మొనంత రంధ్రం మూసుకుపోవడానికి ఎక్కువ సరుకు అక్కర్లేదు. ఇది ఆ ఒక్క సర్వీసింగ్‌తో వచ్చింది కాదని, వాళ్లు నింపిన ప్రతిసారీ కాస్త కాస్త పేరుకుందని మా పాత మెకానిక్ చెప్పాడు. ట్యాంకు ఊడదీస్తే అడుగున తెల్లటి మడ్డి, పంపు నోటి దగ్గరి జాలీకి కూడా అదే. జాలీ కడిగి, నాజిళ్లను వేడినీళ్లలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి నానబెట్టి, మళ్లీ బిగించి పిన్నుతో ధార ఎక్కడ పడాలో సరిచేసి ఇచ్చాడు. ఫ్లూయిడ్ బిల్లు కట్టించుకున్న చోట ఈ పని చేయమంటే కొత్త నాజిళ్లు, కొత్త పంపు రాస్తామన్నారు.

అప్పటి నుంచి సర్వీసింగ్‌లో చేయాల్సిన పనులు రాసుకునే జాబ్ కార్డు మీద పెద్ద అక్షరాలతో "వాషర్ ట్యాంకు ముట్టుకోవద్దు" అని రాయిస్తున్నాను. అయినా బిల్లులో ఆ లైను ఎలాగోలా వచ్చి కూర్చుంటుంది, చూపించి తీయించాలి. ట్యాంకులోకి మాత్రం బ్యాటరీలకు అమ్మే డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లూయిడ్ కలిపి నేనే పోస్తున్నాను. డిస్టిల్డ్ వాటర్ అయిపోతే ఇంట్లో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు. గాల్లోని తేమ చల్లబడి వచ్చినవే కాబట్టి వాటిలో సున్నం ఉండదు, దుమ్ము ఉంటుంది. పలుచటి బట్టలో వడకట్టి అప్పటికప్పుడు వాడేయాలి, నిలవ పెడితే జిగురు పట్టి వాసన వస్తుంది. తాగే ఆర్ఓ నీళ్లు కూడా సరిపోతాయి గానీ, మా ఇంట్లో వాటికి అనుమతి దొరకలేదు.

షికాగోలో ఉండే మా బావమరిది నీలం రంగు డబ్బాలు తెచ్చుకుని నేరుగా పోసేస్తాడు, నీళ్ల గోలే లేదు. అక్కడి చలికాలం రకం మైనస్ 20 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 29 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. చాలావాటిలో అందుకు వాడేది మిథనాల్. అది తాగితే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు. ఐరోపా సమాఖ్య 2018లో వాషర్ ఫ్లూయిడ్‌లో మిథనాల్‌ను 0.6 శాతానికి మించకుండా కట్టడి చేసింది. మన ఎండలకు ఆ రకంతో ఏం పని?

రెండు ఊపుల్లో తేటపడుతుందని పైన రాశాను కదా, అది దుమ్ముకీ జిడ్డుకీ. ఎండిపోయిన పురుగు మరక, పిట్ట రెట్ట అయితే ఏ ఫ్లూయిడూ కదిలించలేదు, తడిపి కాసేపు ఆగి గుడ్డతో తుడవాల్సిందే. వైపర్ రబ్బరు కొత్తగా ఉన్నన్నాళ్లే ఆ తేట కూడా. మన ఎండకు రబ్బరు బిరుసెక్కాక ఎంత మంచి ఫ్లూయిడ్ పోసినా గీతలు తప్పవు, అప్పుడు సీసా డబ్బులు బ్లేడు మీద పెట్టడమే నయం. మోతాదు పెంచితే ఇంకా బాగా పనిచేస్తుందనుకోకండి, చిక్కగా కలిపితే రాత్రి లైట్లకు అద్దం మీద రంగురంగుల పొర తేలుతుంది. ఇంకో చిన్న చికాకు, నిమ్మవాసన రకం కొడితే ఏసీలోంచి అది లోపలికి వస్తుంది. మా అమ్మకు కడుపులో తిప్పుతుంది. ఆమె బండిలో ఉంటే ముందు బయటి గాలి మూసేసి, ఆ తర్వాతే లీవర్ లాగుతాను.

నేను మళ్లీ కొంటాను. రాత్రి ప్రయాణాలు ఎక్కువ, కళ్లు ఇదివరకటిలా లేవు, మా అపార్ట్‌మెంటుకు బోరే దిక్కు. మా తమ్ముడి సంగతి వేరే. వాళ్లకు కృష్ణా నీళ్లు వస్తాయి, వాడు తిరిగేది పగలు, అదీ ఆఫీసుకీ ఇంటికీ. ఉత్త నీళ్లు పోసుకుని హాయిగా నడుపుతున్నాడు, నాజిల్ ఒక్కసారీ మూసుకుపోలేదట. వాడికి ఈ సీసా కొనమని నేను చెప్పలేదు. సంక్రాంతికి వాడి బండిలో వెళ్దామంటే మాత్రం నా డబ్బా వెంట తీసుకెళ్తాను.