చిన్నాయన బోరులో నల్లరాయి: ఒక ల్యాబుకు పంపిన నమూనాల కథ

మా చిన్నాయనకు ముద్దనూరు పక్కన నాలుగెకరాల చీనీ తోట ఉంది. పోయిన ఎండాకాలం పాత బోరు ఎండిపోతే కొత్తది వేయించినాడు. 780 అడుగులకు రెండించుల నీళ్లు పడినాయి. కానీ ఆరువందల అడుగులు దాటినప్పటి నుంచి బోరుబండి ఎగజిమ్మిన పొడి బొగ్గు నూరినట్టు నల్లగా వచ్చిందంట. మోటరు దించినాక మొదటి వారం నీళ్లలో బుడగలు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఊరంతా వచ్చి చూసిపోయినారు. పదో రోజు ఎవరో ఒకాయన కారులో దిగి, “మీ చేను కింద షేల్ గ్యాస్ ఉంది, అగ్రిమెంటు రాసుకుందాం, అడ్వాన్సు ఇస్తా” అన్నాడంట. షేల్ అంటే బురద పొరలుగా గట్టిపడిన రాయి, దాంట్లో చిక్కుకున్న గ్యాసే షేల్ గ్యాస్. ఆ రాత్రే చిన్నాయన నాకు ఫోన్ చేసినాడు. “ఏం పాపా, నువ్వు రాళ్ల సదువే గదా సదివింది. నిజంగా ఉంటాదా?”

నేను కడపలో డిగ్రీ పిల్లలకు జియాలజీ చెప్తా. ఉంటుందనో ఉండదనో నోటిమాటగా చెప్పేసి ఉండొచ్చు. కానీ ఆయన సంతకం పెట్టబోయేది సొంత చేను మీద. అందుకే పరీక్ష చేయించాలనుకున్నా. సేంద్రియ కార్బన్, రాక్-ఎవాల్ (రాతి పొడిని వేడిచేసి నూనె, గ్యాస్ కొలిచే పరీక్ష), గ్యాస్ విశ్లేషణ మూడూ ఒకేచోట చేసే ప్రైవేటు ల్యాబు ఒకటి వెతికి పట్టుకున్నా. మన రాష్ట్రం కాదు. పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. మన జిల్లాల్లో ఇట్లాంటి నమూనాలు పంపే అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నా.

మొదట మంచి సంగతులు. ఫోన్ ఎత్తింది కెమిస్టే, మధ్యలో మార్కెటింగు వాళ్లెవరూ లేరు. రాతి పొడి ఎంత కావాలి, ఏ కవర్లో పెట్టాలి, గ్యాస్ సీసాను నీళ్లలో బోర్లించి ఎట్లా నింపాలి, రబ్బరు బిరడా పెట్టి తలకిందులుగానే ఎందుకు పంపాలి, అన్నీ ఓపిగ్గా చెప్పినారు. ఒక్కో రాతి నమూనాకు నాలుగు వేలకు కాస్త తక్కువ, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఆరు నమూనాలు, ఒక గ్యాస్ సీసా పంపినా. రెండు వారాలన్నారు, పదహారో రోజుకు రిపోర్టు మెయిల్లో వచ్చింది. ఆలస్యం అనను.

రిపోర్టు తెరిచి మొదటి పేజీ చూసినప్పుడు నా గుండె ఒక్కసారి కొట్టుకుంది. కార్బన్ 1.1 నుంచి 1.6 శాతం. దాని పక్కన ఎస్1 అనే గడిలో గ్రాము రాతికి 2.4 మిల్లీగ్రాములు. కింద రంగు డబ్బాలో “చాలా మంచిది” అని అచ్చు. ఆ పేజీ ఒక్కటే చిన్నాయన చేతిలో పెట్టి ఉంటే మరుసటి రోజే అగ్రిమెంటు అయిపోయేది.

ఈ పరీక్ష ఎట్లా జరుగుతుందో కొంచెం చెప్పాలి, లేకుంటే తప్పు ఎక్కడుందో అర్థం కాదు. రాక్-ఎవాల్ అనేది 1970ల్లో ఫ్రాన్సు పెట్రోలియం సంస్థ ఐఎఫ్‌పీలో పుట్టిన యంత్రం. చిటికెడు రాతి పొడిని గాలి తగలకుండా మొదట 300 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచుతారు. అప్పటికే రాతిలో తయారై ఉన్న నూనె, గ్యాస్ ఆ వేడికి బయటికొస్తాయి. అది ఎస్1. తర్వాత నిమిషానికి 25 డిగ్రీల చొప్పున 650 దాకా పెంచుకుంటూ పోతే, ఇంకా నూనెగా మారని సేంద్రియ పదార్థం పగిలి వచ్చేది ఎస్2. ఎస్2 ఏ వేడి దగ్గర శిఖరానికి చేరుతుందో అది టీమ్యాక్స్. రాయి భూమిలో ఎంత ఉడికిందో దాన్నిబట్టి చెప్తారు. సుమారు 435 దాటితే నూనె దశ మొదలైనట్టు, 470 దాటితే గ్యాస్ దశ.

మా నమూనాల్లో ఎస్1 2.4, ఎస్2 0.3, టీమ్యాక్స్ 421. అంటే రాయి ఇంకా పచ్చిది, ఉడకలేదు, అయినా నూనె మాత్రం నిండుగా ఉంది! ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదు. పైగా ఇది కడప బేసిన్లోని తాడిపత్రి షేల్ (బేసిన్ అంటే పూర్వం మడ్డి పొరలుగా పేరుకున్న పల్లం). పులివెందుల దగ్గర ఈ పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని లెక్కగట్టినారు, షేల్ అంతకంటే పాతది. కుతకుతలాడే శిలాద్రవం పక్కనే పారిన రాయి 421 దగ్గర పచ్చిగా ఎట్లా మిగులుతుంది?

ఇక్కడే నాకు బోరుబండి గుర్తొచ్చింది. మన దగ్గర బోర్లన్నీ గాలి హ్యామర్‌తోనే వేస్తారు. ఆ హ్యామర్ అరిగిపోకుండా కంప్రెసర్ గాలిలోనే లూబ్రికేషన్ ఆయిలు కలిపి కిందికి పంపుతారు. రాడ్ల మరల దగ్గర గ్రీజు పూస్తారు. అదంతా కలిసి పొడితో పాటే పైకొస్తుంది. చిన్నాయన ఇంటి వసారాలో గోనెసంచి మీద ఆరబెట్టిన నల్లపొడిని వేళ్ల మధ్య రుద్దినప్పుడు జారుడుగా తగిలింది నాకు. బంకమట్టి అనుకున్నా. ఆ రోజే ముక్కు దగ్గర పెట్టుకొని ఉంటే తెలిసిపోయేది. సంచిలో మిగిలిన పొడిని తెచ్చి, కాలేజీ ల్యాబులో తెల్లకాగితం మీద పోసి, రెండు చుక్కలు ఎసిటోన్ వేసినా. ఆరినాక కాగితం మీద పసుప్పచ్చని ఉంగరం మిగిలింది, ఇంజను ఆయిలు మరకలాగా. ఎస్1 గడిలో ఉన్నది కోట్ల ఏళ్ల నాటి నూనె కాదు, బోరుబండి నూనె. ఆయిల్లోని బరువు భాగం 300 దగ్గర పూర్తిగా రాదు, కొంత ఎస్2లోకి జారుతుంది, శిఖరాన్ని తక్కువ వేడి వైపు లాగుతుంది. 421 అట్లా వచ్చింది.

ల్యాబు మీద నా ఫిర్యాదు ఇదే. నమూనా బోరుపొడి అని ఫారంలో రాసినా. సాల్వెంటుతో (నూనెను కరిగించే ద్రావకంతో) కడిగి మళ్లీ పరీక్షించాలనే ఆలోచన వాళ్లకే రావాల్సింది. పోనీ వక్రరేఖలైనా (వేడి పెరిగేకొద్దీ రాతి నుంచి ఎంత వచ్చిందో చూపే గీతలు) పంపి ఉంటే ఎస్2 కొండకు ఎడమ పక్క భుజం కనబడి నేనే పట్టుకునేదాన్ని. వక్రరేఖలు అడిగితే “అవి ప్యాకేజీలో లేవు మేడమ్” అన్నారు. అంకెలను పుట్టించింది ఆ గీతే, దానికి వేరే ప్యాకేజీ ఏంది? మూడు ఫోన్లు, రెండు మెయిళ్ల తర్వాత పంపినారు. భుజం నేననుకున్న చోటే ఉంది.

ఆ తర్వాత మాత్రం మర్యాదగా నడుచుకున్నారు. సీనియర్ కెమిస్టు స్వయంగా ఫోన్ చేసి, మూడు నమూనాలను కడిగి మళ్లీ చేస్తాం, డబ్బులొద్దు అన్నాడు. రెండో రిపోర్టులో ఎస్1 0.05కి పడిపోయింది. ఎస్2 0.06. టీమ్యాక్స్ గడిలో ఈసారి అంకె లేదు, “నమ్మదగినది కాదు” అని రాసినారు. అది సరైన పని. ఎస్2 0.2 కంటే తక్కువుంటే శిఖరమే ఉండదు, యంత్రం ఏదో ఒక మెట్టును శిఖరమనుకొని అంకె ఇస్తుంది. ఆ అంకెను ముద్రించకపోవడమే నిజాయితీ. మొదటిసారే ఇట్లా చేసి ఉంటే ఈ రివ్యూ ఇంత పొడుగు ఉండేది కాదు.

గ్యాస్ సీసా విషయంలో వాళ్లకు పూర్తి మార్కులు. నైట్రోజన్ నిండుగా, ఆక్సిజన్ మామూలు గాలిలో కంటే తక్కువ, మీథేన్ జాడమాత్రం, ఈథేన్ లేనేలేదు. అంటే బుడగలు కంప్రెసర్ కుక్కిన గాలే. నల్లషేల్లో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంటుంది, అది ఆక్సిజన్‌ను తినేస్తుంది. కోడిగుడ్డు వాసన కూడా గంధకం వల్లనే. నేను కార్బన్ ఐసోటోపులు (బరువైన, తేలికైన కార్బన్ పాళ్లు) కూడా చేయించాలని ఉత్సాహపడితే ల్యాబులో గ్యాస్ పరీక్ష చూసే అమ్మాయి ఆపింది. “మీథేనే లేనిదాంట్లో ఐసోటోపు చూసి ఏం చేస్తారు మేడమ్, డబ్బు దండగ.” వచ్చే బిల్లును వద్దనుకున్న ల్యాబును నేను ఇంతవరకు చూడలేదు.

గ్యాస్ నిజంగా పండే బావులు ఎట్లుంటాయో తెలిస్తే ఆ అమ్మాయి మాట విలువ తెలుస్తుంది. టెక్సాస్‌లో బార్నెట్ షేల్‌ను మిచెల్ ఎనర్జీ ఏళ్ల తరబడి పట్టు వదలకుండా తవ్వి, 1990ల చివర నీళ్లతో రాతిని చీల్చే పద్ధతి కుదిరినాక గెలిచింది. ఆ రాయి వయసు సుమారు 33 కోట్ల ఏళ్లు, అందులో చెట్ల నుంచి వచ్చిన విట్రినైట్ ఉంటుంది, దాని మెరుపు కొలిచి ఎంత ఉడికిందో చెప్పొచ్చు. మన కడప రాళ్లు ఏర్పడినప్పుడు భూమ్మీద చెట్టే లేదు. ఇక్కడ విట్రినైట్ మెరుపు అని ఎవరైనా అంకె ఇస్తే అది ఘనీభవించిన బిటుమెన్‌ను (తారులాంటి పదార్థాన్ని) కొలిచి మార్చిందే అయి ఉండాలి. ఇక ఐసోటోపులు: మామూలుగా మీథేన్లో బరువైన కార్బన్ తక్కువ, ఈథేన్లో కొంచెం ఎక్కువ, ప్రొపేన్లో ఇంకొంచెం. అమెరికాలోని బార్నెట్, ఫాయెట్‌విల్ లాంటి చోట్ల బాగా ఉడికిన షేల్ బావుల్లో ఈ వరుస తిరగబడింది. అట్లాంటి చోట్ల కొన్ని బావులు బాగా ఇచ్చినాయి కూడా. ఆ వరుస చూడాలన్నా ముందు ఈథేన్, ప్రొపేన్ ఉండాలి గదా.

ఆ “చాలా మంచిది” రంగు డబ్బా గురించి మళ్లీ చెప్తా, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. ఒక రాతిముక్కలో కార్బన్ ఒకటి దాటితే పాఠ్యపుస్తకం పట్టికలో “మంచిది” అనే ఉంటుంది, నిజమే. కానీ షేల్ గ్యాస్ వనరు లెక్కకు సాధారణంగా రెండు శాతమైనా ఉండాలంటారు. ఆ తర్వాత పొర మందం, విస్తీర్ణం, లోతు, పీడనం, రంధ్రాల్లో ఉండే గ్యాస్, రాతికి అంటుకొని ఉండే గ్యాస్ లెక్క కట్టాలి. దాంట్లో మళ్లీ బయటికి తీయగలిగేది నాలుగో వంతు వస్తే గొప్ప. ఇన్ని తెలిసిన పెద్ద సంస్థలే ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. అమెరికా ఇంధన సమాచార సంస్థ ఈఐఏ 2013లో మన దేశంలో తీయగలిగే షేల్ గ్యాస్ 96 లక్షల కోట్ల ఘనపుటడుగులన్నది. అమెరికా భూగర్భ సర్వే అంతకుముందు బొంబాయి, కావేరి, కృష్ణా-గోదావరి బేసిన్లకు వేసిన లెక్క 6.1 లక్షల కోట్లు. రెండూ చూసిన బేసిన్లు పూర్తిగా ఒకటి కావు, పద్ధతీ ఒకటి కాదు. అయినా ఒకే దేశం, ఒకే గ్యాస్. అట్లాంటిది, ఆరు పొట్లాల బోరుపొడి చూసి ఆకుపచ్చ డబ్బా ముద్రించడం తప్పు. దాన్ని రిపోర్టు నుంచి తీసేయమని రాతపూర్వకంగా అడిగినా. “టెంప్లేటు” అన్నారు. ఇంకా తీయలేదు.

కడప బేసిన్లో అసలేమీ లేదని నేను అనడం లేదు. హైదరాబాదు ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు ఇక్కడి మట్టి నమూనాల్లో అంటుకొని ఉన్న హైడ్రోకార్బన్ వాయువులను కొలిచినారు. ఆస్ట్రేలియాలో బీటలూ బేసిన్లో 140 కోట్ల ఏళ్ల నాటి షేల్ నుంచి గ్యాస్ వచ్చింది, కాబట్టి పాతరాయి అని తోసిపుచ్చకూడదు. దామోదర్ లోయలో, దుర్గాపూర్ దగ్గర 2011 జనవరిలో ఓఎన్‌జీసీ బావిలో షేల్ గ్యాస్ పైకొచ్చింది, అది సుమారు 1,700 మీటర్ల లోతు. మా చిన్నాయన బోరు 240 మీటర్లు కూడా లేదు. పైగా ఒక్క అడ్డబావిలో (లోపల అడ్డంగా తిప్పి తవ్విన బావిలో) రాతిని చీల్చడానికి కోటీ కోటిన్నర లీటర్ల నీళ్లు కావాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు మూడు వేలు. తిరిగొచ్చే నీళ్లు చాలాచోట్ల సముద్రపు నీళ్లకంటే ఉప్పన, దాంట్లో బేరియం. ఆ బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో బరువు కోసం కలిపే బెరైటీసు ఖనిజం మన మంగంపేట నుంచే ప్రపంచమంతా పోతుంది. మన కడప బేసిన్ రాయికి గ్యాస్ బావులతో ఇప్పటికి గట్టిగా ఉన్న సంబంధం అదే.

చిన్నాయనకు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూపించినా. అగ్రిమెంటు సంగతీ చెప్పినా: ఆయిలు, గ్యాస్ తవ్వకానికి అనుమతి 1948 నాటి చమురుక్షేత్రాల చట్టం ప్రకారం ప్రభుత్వం ఇచ్చేది. రైతు దగ్గర సంతకం తీసుకుంటే రాదు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలా. తర్వాత, “నీళ్లు చీనీ చెట్లకు పనికొస్తాయా, అది చెప్పు ముందు” అన్నాడు. ఆ నీళ్లను కడపలోనే వేరే చోట పరీక్ష చేయించినా. ఉప్పు, ఫ్లోరైడు రెండూ హద్దులోనే ఉన్నాయి. వాసన నెలలోపే పోయింది.

ల్యాబుకు ఐదుకు మూడు ఇస్తా. గ్యాస్ పరీక్షకు, ఫోన్లో మాట్లాడిన తీరుకు, ఉచితంగా మళ్లీ చేసినందుకు ఆ మూడు. వక్రరేఖలు దాచినందుకు ఒకటి, ఆకుపచ్చ డబ్బాకు ఒకటి కోసినా. అయినా మళ్లీ వాళ్లకే పంపుతా. ఈసారి బోరుపొడి కాదు, కొత్తగా తవ్విన రాతిముక్కలు. ఫారంలో పైనే రాసి పెట్టినా: ముందు సాల్వెంటుతో కడగాలి, ఆమ్లంతో కార్బనేటు తీసినాకే కార్బన్ కొలవాలి, ప్రతి నమూనాకూ వక్రరేఖ పంపాలి, వ్యాఖ్యల డబ్బా ఖాళీగా వదిలేయాలి.