జాగ్రత్త: ఆన్‌లైన్‌లో "వరద ఎమర్జెన్సీ కిట్" కొనేముందు ఇది చదవండి

ఫ్రెండ్స్, వానాకాలానికి ఎమర్జెన్సీ కిట్ ఒకటి కొని ఇంట్లో పడేద్దాం అనుకుంటున్నవాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి, చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు అయితే తప్పకుండా చదవండి.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు నీళ్ళు మా వీధిలోకి ఎలా వచ్చాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దున లేచేసరికి మడమల దాకా ఉన్నాయి, సామాన్లు మంచాలమీద సర్దుతుండగానే మంచాలు తేలిపోయాయి. పై పోర్షన్ వాళ్ళు పిలిస్తే పిల్లాడిని, అత్తయ్యగారిని తీసుకుని పైకి వెళ్ళిపోయాం, మూడు రోజులు అక్కడే. కరెంటు లేదు, చుట్టూ నీళ్ళే గానీ తాగడానికి గుక్కెడు లేవు, మొదటిరోజు రాత్రికే అందరి ఫోన్లూ ఆఫ్. గుడివాడలో ఉన్న మా అక్క రెండు రోజులు మా గురించి ఏమీ తెలియక ఏడుస్తూ కూర్చుందట. ఆ రోజే అనుకున్నా, ఇంకోసారి మాత్రం ఇలా చేతులు ఖాళీగా ఉండకూడదు అని.

అందుకే 2025 జూన్‌లో ఒక పెద్ద షాపింగ్ యాప్‌లో కనబడ్డ కిట్ ఆర్డర్ పెట్టాను, 3,499 రూపాయలు. 30000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క) పవర్ బ్యాంక్, ఎమర్జెన్సీ లైటు, నీళ్ళు శుభ్రం చేసే క్లోరిన్ బిళ్ళలు, ఓఆర్‌ఎస్, పిల్లల లైఫ్ జాకెట్, ఫస్ట్ ఎయిడ్ అన్నీ ఒకే ఎర్ర బ్యాగులో. రివ్యూలు బావున్నాయి. వచ్చింది, బ్యాగు గట్టిగా ఉంది, జిప్పు తీసి పైపైన చూసి అటకమీద పెట్టేశాను. నా తప్పు అంతా అక్కడే జరిగింది. వచ్చినరోజే ఒక్కొక్కటీ వాడి చూసుంటే డబ్బులు వెనక్కి వచ్చేవి.

అక్టోబర్ 27న మొంథా తుపాను అలర్టులు వస్తుంటే కిట్ కిందకి దింపాం. పవర్ బ్యాంక్ రాత్రంతా ఛార్జింగ్ పెట్టాను, నాలుగు లైట్లూ వెలిగాయి. 28 రాత్రి తుపాను నరసాపురం దగ్గర తీరం దాటే టైముకి మా వీధిలో కరెంటు పోయింది, ఫోన్ పెడితే నలభై శాతం ఎక్కి ఆగిపోయింది. నా ఫోన్ బ్యాటరీ 5000 ఎంఏహెచ్. నిజంగా 30000 ఉంటే, ఫోన్‌కి ఎక్కేటప్పుడు మధ్యలో వృథా అయ్యేది పోయినా, మూడుసార్లు పైనే ఫుల్ అవ్వాలి.

మర్నాడు మా మరిదికి ఇచ్చాను, తను మొబైల్ రిపేర్ చేస్తాడు. చేతిలోకి తీసుకోగానే "వదినా, ఇది ఇంత తేలిగ్గా ఉందేంటి" అన్నాడు. కిరాణా కొట్టు త్రాసు మీద పెడితే 190 గ్రాములు. మామూలు 10000 ఎంఏహెచ్‌దే దాదాపు 200 గ్రాములు ఉంటుంది, అలాంటప్పుడు 30000 అంటే అర కేజీ దాటాలి కదా. విప్పితే లోపల రెండే రెండు సెల్స్, పక్కన బరువు కోసం జిగురుతో అంటించిన ఇనప రేకు. ఆ రేకు చూసి నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే అది పొరపాటున జరిగేది కాదు, ఎవరో కూర్చుని కావాలని అంటించారు. (మీరు మాత్రం ఇంట్లో విప్పొద్దు, లిథియం సెల్‌కి స్క్రూడ్రైవర్ తగిలితే మంట లేస్తుంది.) పవర్ బ్యాంక్‌కి బీఐఎస్ (వస్తువుల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో వస్తుంది. మాదాని మీద అసలు నంబరే లేదు, ఆ రోజు చూడటం తెలియలేదు.

అప్పుడు మిగతావి కూడా తీశాం. క్లోరిన్ బిళ్ళల స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ తేదీ దగ్గర చిన్న తెల్ల స్టిక్కర్, 2027 అని. గోటితో గీకితే కింద మార్చి 2022 ఉంది. ఓఆర్‌ఎస్ అన్నది చూస్తే పొడి ప్యాకెట్ కాదు, ఆ పేరు పెద్దగా వేసిన తియ్యటి డ్రింకు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడింది దీనిమీదే, 2025 అక్టోబర్‌లోనే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) అలాంటి డ్రింకులకి ఆ పేరు పెట్టొద్దని ఆర్డర్ ఇచ్చింది. విరేచనాలతో ఉన్న పిల్లలకి అంత చక్కెర పోస్తే ఇంకా ఎక్కువవుతాయి. మందుల షాపులో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసుండే పొడి ప్యాకెట్ అడగండి, లీటరు నీళ్ళల్లో కలిపేది.

లైఫ్ జాకెట్ సంగతి రాయాలంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. మా వాడికి ఏడేళ్ళు. జాకెట్‌ని డాబా మీద నీళ్ళ డ్రమ్ములో వేశాం, ముందు తేలింది, హమ్మయ్య అనుకున్నాం. మా ఆయన ఎందుకో దాన్ని రాత్రంతా అలాగే వదిలేశారు, పొద్దున చూస్తే డ్రమ్ము అడుగున ఉంది. పైకి తీసి పిండితే మగ్గుడు నీళ్ళు కారాయి. కత్తెరతో కుట్టు విప్పితే లోపల పసుపు స్పాంజి, సామాన్ల ప్యాకింగ్‌లో వస్తుందే అదే. అసలు లైఫ్ జాకెట్‌లో వాడే ఫోమ్ నీళ్ళు పీల్చదు. ఇది పీల్చి బరువెక్కి పిల్లాడిని కిందకి లాగుతుంది. 2024లో పక్క వీధిలో పిల్లల్ని భుజాలమీద ఎత్తుకుని మెడ లోతు నీళ్ళల్లో వచ్చినవాళ్ళని కళ్ళారా చూశాను, వాళ్ళలో ఎవరైనా దీన్ని నమ్మి పిల్లాడికి తొడిగి వదిలేసుంటే?

అమ్మినవాళ్ళకి మెసేజ్ పెడితే ఏడు రోజుల రిటర్న్ గడువు అయిపోయింది, ఓపెన్ చేసేటప్పుడు తీసిన వీడియో ఉందా అన్నారు. యాప్ కస్టమర్ కేర్ వాళ్ళు సెల్లర్‌తో మాట్లాడుకోండి అన్నారు. అలా అనగానే ఊరుకోకండి. ఆన్‌లైన్ అమ్మకాల మీద 2020లో వచ్చిన రూల్స్ ప్రకారం యాప్ వాళ్ళకి గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి, కంప్లైంట్ అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నేను వాళ్ళకి మెయిల్ పెట్టి, 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి కూడా ఫోన్ చేశాను, డాకెట్ నంబర్ (కంప్లైంట్ నంబర్) ఇచ్చారు. అక్కడ తేలకపోతే వినియోగదారుల కోర్టుల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో కేసు వేస్తాను, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. డబ్బాల మీద తయారీదారు పేరు, అడ్రస్, ఏ దేశంలో తయారైందో లేకపోవడం కూడా తప్పే, అది కూడా రాయండి.

ఇప్పుడు మేము కిట్ అనేదే కొనలేదు. పవర్ బ్యాంక్ బిల్లుతో సహా షోరూంలో కొని, నెలకోసారి పూర్తిగా వాడి మళ్ళీ ఛార్జ్ పెడుతున్నాం. టార్చి, మూతలున్న నీళ్ళ క్యాన్లు రెండు, అత్తయ్యగారి బీపీ బిళ్ళలు పది రోజులకి, ఆధార్, బ్యాంకు పుస్తకాలు జిప్ కవర్లో, ఇవన్నీ ఇంట్లో ఉన్న స్కూల్ బ్యాగుల్లోనే సర్దాం. 112, 108 నంబర్లు, అక్క నంబర్ అట్ట మీద రాసి పెట్టాం, ఫోన్ చచ్చిపోతే ఎవరి నంబరూ గుర్తుకు రాదు. జాకెట్ మాత్రం ఇంకా కొనలేదు, నమ్మకమైనది ఎక్కడ దొరుకుతుందో పడవలు నడిపేవాళ్ళని అడుగుతున్నాం.

నిన్న సెల్లర్ ఫోన్ చేసి, నేను యాప్‌లో ఇదంతా రాసి పెట్టిన రివ్యూ తీసేస్తే 500 రూపాయలు వేస్తానన్నాడు. తీయనన్నాను. ఎర్ర బ్యాగు, తెల్ల చారలు, లోపల నారింజ రంగు పిల్లల జాకెట్ ఉన్న కిట్ మీ ఇంట్లో కూడా ఉంటే ఈ రాత్రికే జాకెట్ బకెట్లో నానబెట్టి పొద్దున ఎత్తి చూడండి, అప్పటిదాకా పిల్లలకి తొడగకండి.