జాగ్రత్త: 'వేట లైన్' డాష్‌హౌండ్ పిల్లలంటూ అడ్వాన్సు అడుగుతున్నారు

అమలాపురం, రావులపాలెం, భీమవరం చుట్టుపక్కల డాష్‌హౌండ్ (పొడుగు ఒళ్లు, పొట్టికాళ్ల జాతి కుక్క) పిల్ల కోసం చూస్తున్నవాళ్లు ఇది చదివాకే డబ్బులు వేయండి. అమ్మకం ఇలా సాగుతోంది. ముందు ఫోనుకి ఒక వీడియో వస్తుంది, తల్లికుక్క కలుగులోంచి ఉడుమును లాగుతున్నట్టు. "జర్మనీ వేట లైన్ (వేటకుక్కల వంశం), మినీ సైజు, 50 రోజుల పిల్ల" అంటారు. సగం డబ్బు ఫోన్‌పే చేయించుకుంటారు. ఇంటికి మాత్రం రానివ్వరు. హైవే పక్కన అట్టపెట్టెలో పిల్లను చేతిలో పెట్టి వెళ్లిపోతారు. అలా కొన్న పిల్ల ఒకటి ఐదో రోజుకే పార్వోతో (కుక్కపిల్లలకు వచ్చే నెత్తుటి విరేచనాల జబ్బు) పోయింది. దాని టీకా బుక్కులో సీసా స్టిక్కరు లేదు, డాక్టరు ముద్ర లేదు, పెన్నుతో రాసిన తేదీ ఒక్కటే ఉంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది వయసు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం 8 వారాలు (56 రోజులు) నిండని పిల్లను అమ్మకూడదు. నోరు తెరిచి చూడండి. 8 వారాలకు 28 పాలపళ్లూ వచ్చేసి ఉండాలి. వెనకవైపు చిగుళ్లు బోసిగా ఉంటే అది నెల పిల్లే, వాళ్లు ఎన్ని రోజులని చెప్పినా సరే. నెలకే తల్లినుంచి విడదీస్తే వచ్చే నష్టం తిండి ఒక్కదానిదే కాదు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పెడుతుందో పిల్ల నేర్చుకునేది ఆ తర్వాతి వారాల్లో, తోబుట్టువులతో ఆడుకుంటూనే. అసలే పట్టుదల ఎక్కువున్న జాతి. ఆ పాఠం తప్పితే ఇంట్లో చిన్నపిల్లల చేతులకు గాట్లు తప్పవు.

'మినీ' అనే మాటకు అదనంగా డబ్బులివ్వకండి. ఈ జాతిలో సైజును ఛాతీ చుట్టుకొలతతో, 15 నెలలు నిండాకే తేలుస్తారు. ఆడదానికి 30 నుంచి 35 సెంటీమీటర్లయితే మినియేచర్ (మినీ), ఆపైన 45 వరకు స్టాండర్డ్. చేతిలో ఇమిడే పిల్లను చూసి ఎవరూ చెప్పలేరు. టేపు తీసుకెళ్లి తల్లిని కొలవండి. తల్లిని చూపించకపోతే బేరం అక్కడితో ఆపేయండి.

'వేట లైన్' సంగతి ఇంకా పెద్ద మోసం. జర్మనీలో 1888 నుంచి ఈ జాతికి ప్రత్యేక క్లబ్బు ఉంది. అక్కడ గాయపడ్డ జంతువు నెత్తురు జాడ పట్టడం, జాడ మీద మొరగడం, బొరియలో పనిచేయడం, ఇలా పరీక్షలు పెడతారు. నెగ్గిన కుక్కలవే వేట లైన్లు. జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం పూర్వీకుల పేర్లు చెబుతుందే తప్ప వేటకు హామీ ఇవ్వదు. ఆ కాగితం నిజమైనదైతే పిల్ల ఒంట్లో 15 అంకెల మైక్రోచిప్ ఉంటుంది. పశువుల డాక్టరు స్కానరుతో చదివించి, నంబరు కాగితంతో కలుస్తుందో లేదో చూసుకోండి. ఇక ఆ ఉడుము వీడియో సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉడుమును వేటాడటం నేరం. అమ్మేవాడు గొప్పగా చూపిస్తున్నది తన నేరాన్నే.

చేలగట్ల మీద ఎలుకల కోసం కావాలనుకునేవాళ్లు ఒకటి ఆలోచించండి. కలుగు కనిపిస్తే ఈ కుక్క తల దూర్చకుండా ఆగదు. అదే కలుగులో రక్తపింజరి ఉండొచ్చు, జింకు ఫాస్ఫైడ్ (ఎలుకల మందు) ఎర తిన్న ఎలుక ఉండొచ్చు. మందు పెట్టిన చేలోకి దాన్ని దింపకండి. ఎలుకల మూత్రం కలిసిన బోదెనీళ్లతో లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం) వస్తుంది కాబట్టి టీకాల్లో లెప్టో ఉందో లేదో అడగండి. ముక్కుకు పని చెప్పాలంటే పెరట్లో కోడిమాంసం ముక్కను 20 మీటర్లు ఈడ్చి, పది నిమిషాలాగి, పొడుగు తాడుతో జాడ పట్టించండి. చివర ఆ ముక్క దానికే ఇవ్వండి. మెడపట్టీ వద్దు, ఛాతీపట్టీ కట్టండి.

చుక్కల రంగు 'డాపుల్' పిల్లను ఎక్కువ ధరకు అమ్ముతుంటే తల్లిదండ్రులిద్దరి రంగూ అడగండి. రెండూ డాపుల్ అయితే పిల్లల్లో కొన్ని గుడ్డివిగానో చెవిటివిగానో పుడతాయి. పిల్లకు కనబడకుండా వెనకనుంచి చప్పట్లు కొట్టి చూడండి.

వరదలకని మన ఇళ్లు ఎత్తుగా కడతాం. ఆ అరుగు మెట్లే దీని నడుముకు శత్రువు. పొట్టికాళ్లతో ముడిపడిన జన్యువే వెన్నుపూసల మధ్య డిస్కులను పెళుసు చేస్తుంది. ఎక్కువగా 3 నుంచి 7 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మెట్ల మీద ఏటవాలు చెక్క వేయండి, మంచం మీదనుంచి దూకనివ్వకండి, ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టండి. వెనక్కాళ్లు ఈడుస్తుంటే తైలాలూ మర్దనాలూ అంటూ ఆగకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇప్పటికే పిల్లను తెచ్చేసి ఉంటే, వాంతులూ దుర్వాసనతో నెత్తుటి విరేచనాలూ మొదలైన పూటే సెలైన్ పెట్టించాలి. పిల్ల పోతే పార్వో క్రిమి ఆ పెరట్లోనే నెలల తరబడి బతికుంటుంది. సిమెంటు నేలను శుభ్రంగా కడిగి, ఒక వంతు హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రవానికి 30 వంతుల నీళ్లు కలిపి పోసి, 10 నిమిషాలు తడిగా ఉంచండి. మట్టినేలకు ఆ ఉపాయం లేదు. మరో పిల్లను తేవాలనుకుంటే 16 వారాల టీకా కూడా పూర్తయినదాన్నే తెచ్చుకోండి.