శ్వాస విషప్రభావ పరీక్ష చేయించాం: ఒక కాంట్రాక్ట్ ల్యాబ్ పనితనంపై సమీక్ష

మా కంపెనీ పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో పెయింట్లలో కలిపే ఒక ద్రావణిని తయారు చేస్తుంది. యూరప్‌కు వెళ్లే సరుకు ఏడాదికి 10 టన్నులు దాటే పరిస్థితి రావడంతో, అక్కడి రసాయనాల నమోదు చట్టమైన రీచ్ ప్రకారం నోటి ద్వారా కలిగే తక్షణ విషప్రభావ సమాచారంతో పాటు మరో మార్గానికి చెందిన సమాచారం కూడా ఇవ్వవలసి వచ్చింది. స్ప్రే గన్‌తో కొట్టే పెయింట్లలోకి పోయే సరుకు కాబట్టి ఆ రెండో మార్గం శ్వాసేనని యూరప్‌లోని మా ప్రతినిధి మొదటి ఉత్తరంలోనే తేల్చేశారు. అదే కుటుంబానికి చెందిన ఇతర రసాయనాల పాత సమాచారంతో నెట్టుకురావాలని కొన్ని నెలలు ప్రయత్నించాం గానీ ఆ వాదన నిలవలేదు. చివరికి దక్షిణాదిలోని ఒక కాంట్రాక్ట్ ల్యాబ్‌కు పని అప్పగించాం. ఇందులో మెప్పూ ఫిర్యాదూ రెండూ ఉన్నందువల్ల ఆ ల్యాబ్ పేరు రాయడం లేదు. ఇలాంటి పరీక్ష మొదటిసారి చేయించబోయే చిన్న కంపెనీల రెగ్యులేటరీ ఉద్యోగుల కోసం ఇది రాస్తున్నాను.

నోటి ద్వారా ఇచ్చినప్పుడు పెద్దగా హాని చేయని పదార్థం ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏం చేస్తుందో అంచనా కట్టడం కష్టం. దక్షిణ కొరియాలో గదుల్లో తేమ కోసం వాడే హ్యూమిడిఫయర్ల నీళ్లలో కలిపే క్రిమిసంహారకాల సంగతి దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. చర్మానికీ నోటికీ అంతగా ప్రమాదం లేదనుకున్న పీహెచ్‌ఎంజీ అనే పదార్థం సన్నని తుంపరగా మారి పసిపిల్లల, గర్భిణుల ఊపిరితిత్తులను దెబ్బతీసిందని 2011లో బయటపడింది. పీల్చినప్పుడు ఏమవుతుందన్న పరీక్ష, సరుకు అమ్ముడయ్యాక, మనుషులు పోయాక జరిగింది. మా ప్రతినిధి పట్టుదల నాకు మొదట్లో చిరాకు తెప్పించినా, ఆ ఉదంతం చదివాక వాదించడం మానేశాను.

ల్యాబ్ పంపిన మొదటి కొటేషన్‌లోనే నాకు అభ్యంతరం ఎదురైంది. అందులో ఓఈసీడీ (పరీక్షా పద్ధతులకు మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) 403 మార్గదర్శకాన్ని సంప్రదాయ పద్ధతిలో, మూడు గాఢతల్లో, ఒక్కో గాఢతకు ఐదు మగ, ఐదు ఆడ ఎలుకలతో చేస్తామని రాశారు. అంటే 30 ఎలుకలు. వర్గీకరణ కోసమే, అంటే లేబుల్ మీద ప్రమాద తరగతి తేల్చడానికే అయితే 436 మార్గదర్శకం సరిపోతుంది. అందులో ఒక్కో మెట్టుకు, అంటే ఒక్కో గాఢతకు, మూడు మగ, మూడు ఆడ ఎలుకలు చాలు. విషప్రభావం తక్కువగా ఉంటుందని నమ్మే ఆధారాలు ఉంటే పై మెట్టు దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆగిపోవచ్చు. ఈ మాట ఫోనులో అడగగానే స్టడీ డైరెక్టర్ (పరీక్షకు బాధ్యత వహించే శాస్త్రవేత్త) ఒప్పుకున్నారు, ఖర్చూ తగ్గింది. అయితే అడిగితే తప్ప చెప్పకపోవడం నాకు నచ్చలేదు. జంతు ప్రయోగాల పర్యవేక్షణకు కేంద్ర ప్రభుత్వం వేసిన కమిటీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ ఒక నైతిక కమిటీ ఉండాలి, ఎన్ని జంతువులు ఎందుకు కావాలో దాని ముందు చెప్పుకోవాలి. ఆ ప్రశ్న కమిటీ దాకా వెళ్లకముందే, కొటేషన్ తయారు చేసే గుమాస్తా బల్ల దగ్గరే రావలసింది.

ఇక ఈ ల్యాబ్ నిజంగా మెప్పు పొందిన చోటు గాలి తయారీ. నోటి ద్వారా మందు పోయడంలో మోతాదు సిరంజిలో కనిపిస్తుంది. పీల్చే పరీక్షలో మోతాదు అంటే గాలి, అది నిమిషానికో తీరుగా ఉండవచ్చు. ఎలుక ఏ గాలి పీల్చిందో నమ్మకంగా చెప్పలేని నివేదికలో ఎల్‌సీ50 (సగం జంతువులు చనిపోయే గాఢత) విలువ ఎంత అందంగా ఉన్నా దానికి విలువ లేదు. అందుకే జంతువులను తీసుకురాకముందే ఖాళీ పరికరంతో వాళ్లు తొమ్మిది రోజుల పాటు ట్రయల్స్ చేశారు. ఎలుకల ఊపిరితిత్తుల దాకా చేరాలంటే తుంపర చుక్కల సగటు పరిమాణం 1 నుంచి 4 మైక్రాన్ల మధ్య ఉండాలని మార్గదర్శకం చెబుతుంది. తుంపరలకు పై హద్దు గాఢత లీటరు గాలికి 5 మిల్లీగ్రాములు. మా ద్రవం కాస్త చిక్కన. 5 మిల్లీగ్రాములకు నెట్టేసరికి చుక్కలు ఒకదానికొకటి తగిలి కలిసిపోయి, చుక్కలను పరిమాణం వారీగా వేరుచేసే క్యాస్కేడ్ ఇంపాక్టర్‌లో సగటు పరిమాణం 4 మైక్రాన్లు దాటిపోతూ వచ్చింది. అంత పెద్ద చుక్కలు ఎక్కువగా ముక్కులోనే పట్టుకుపోతాయి, గొంతులోకి జారి కడుపులోకి పోతాయి. అప్పుడు శ్వాస పరీక్ష పేరుతో నోటి పరీక్ష చేసినట్టే.

ఇక్కడ మా మేనేజ్‌మెంట్ నుంచి ఒత్తిడి వచ్చిందని దాచను. '5 దాటింది, వర్గీకరణ అక్కర్లేదు' అన్న వాక్యం లేబుల్ మీద ఎంత హాయిగా ఉంటుందో అందరికీ తెలుసు. స్టడీ డైరెక్టర్ ఆ మాట వినలేదు. లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటి తుంపరతో పరీక్ష చేయాలంటే చుక్క పరిమాణం పీల్చదగినదిగా ఉండి తీరాలని మార్గదర్శకంలోనే ఉందని చూపించి, పరిమాణం హద్దులో ఉండే అత్యధిక గాఢత దగ్గర, అంటే మూడు మిల్లీగ్రాముల పైచిలుకు దగ్గర, పరీక్ష నిలిపారు. నివేదికలో 'సాధించగలిగిన గరిష్ఠ గాఢత' అని స్పష్టంగా రాశారు. డబ్బిచ్చే పార్టీని కాదని చెప్పగలిగినందుకే ఈ ల్యాబ్‌కు నేను మంచి మార్కులు వేస్తాను.

ఆ ట్రయల్స్‌లోనే మరో చిక్కు బయటపడింది, దాన్ని పట్టుకున్నది అక్కడి ఒక కుర్ర రసాయన శాస్త్రవేత్త. గాఢత కొలవడానికి మామూలుగా ఎలుక ముక్కు ఉండే రంధ్రం దగ్గర నుంచి గాలిని ఫిల్టర్ మీదుగా పీల్చి, ఫిల్టర్ బరువు ఎంత పెరిగిందో తూస్తారు. మా ద్రవం నెమ్మదిగా ఆవిరయ్యే రకమే అయినా, అంత సన్నని చుక్కలుగా విడిపోయాక కొంత ఆవిరైపోయి ఫిల్టర్‌కు చిక్కకుండా దాటిపోతోంది. తూకాన్ని మాత్రమే నమ్ముకుంటే ఎలుక పీల్చినదాని కన్నా తక్కువ లెక్క వస్తుంది. ఫిల్టర్ వెనక పీల్చుకునే పదార్థం నింపిన గొట్టం బిగించి, దాంట్లో చేరినదాన్ని గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే రసాయన విశ్లేషణలో చూసి, రెండూ కలిపి లెక్కించాలని ఆమె ప్రతిపాదించారు. స్టడీ ప్లాన్‌కు సవరణ పెట్టి, క్యూఏ (నాణ్యతా హామీ విభాగం) సంతకం అయ్యాకే ముందుకు కదిలారు. ఈ సవరణకు అదనపు బిల్లు వేశారు. నేను మారుమాట లేకుండా కట్టాను.

పరీక్ష రోజున స్పాన్సర్ తరఫున గాజు కిటికీ ఇవతల నిలబడ్డాను. మధ్యలో నిలువెత్తు స్టీలు స్తంభం, దాని చుట్టూ రంధ్రాలు, ఒక్కో రంధ్రానికి ఒక పారదర్శకమైన గొట్టం. తెల్ల విస్టార్ జాతి ఎలుకను తోక వైపు నుంచి పట్టుకుని టెక్నీషియన్ గొట్టం మూతి దగ్గర పెట్టగానే అది చీకటి కన్నంలోకి దూరినట్టు తనంతట తానే దూరింది. అంతకు ముందు కొన్ని రోజుల పాటు వాటిని ఆ గొట్టాలకు అలవాటు చేశారట. వెనక మూత బిగించినప్పుడు తోక బయటికే ఉంచారు. ఎలుక ఒంటి వేడి బయటికి పోయే ముఖ్యమైన దారుల్లో తోక ఒకటి, అది లోపల ఇరుక్కుంటే రసాయనం సంగతి అటుంచి వడదెబ్బకే పోవచ్చు. గాలి స్థిరపడ్డాక నాలుగు గంటలు లెక్క పెట్టారు. ఒంటి మీద పడిన తుంపరను నాకి మింగే అవకాశం ఉండదు కాబట్టి జంతువును గదిలో వదిలేసే పద్ధతి కన్నా ముక్కు మాత్రమే ఆ గాలికి తగిలే ఈ నోస్ ఓన్లీ పద్ధతికే మార్గదర్శకం మొగ్గు చూపుతుంది. బయటికి తీసినప్పుడు రెండు ఎలుకల ముక్కుల చుట్టూ ఎర్రటి మరక కనిపించి నా గుండె జారింది. అది రక్తం కాదని, కంటి వెనక గ్రంథి నుంచి ఒత్తిడిలో వచ్చే రంగు ద్రవమని, నివేదికలో అలాగే నమోదు చేస్తామని టెక్నీషియన్ తడి దూదితో తుడుస్తూ చెప్పాడు. ఆ మాట చెప్పిన తీరులో తొందర లేదు, దాపరికం లేదు.

తర్వాతి 14 రోజుల పరిశీలనలో ఒక్క ఎలుకా చనిపోలేదు. మర్నాటి తూకంలో అన్నీ బరువు తగ్గాయి, వారం తిరిగేసరికి కోలుకున్నాయి. చివర్లో చేసిన శవపరీక్షలో ఊపిరితిత్తుల్లో కంటికి కనిపించే మార్పులు లేవు.

అంత పనితనం చూపిన ల్యాబ్ నుంచి వచ్చిన డ్రాఫ్ట్ రిపోర్టు మాత్రం నన్ను నిరాశపరిచింది. మొదటి పేజీలోని సారాంశంలో నామినల్ గాఢతను, అంటే ఖర్చయిన ద్రవాన్ని ప్రవహించిన గాలితో భాగించగా వచ్చిన సంఖ్యను, కొలిచిన గాఢత స్థానంలో వేశారు. తుంపరలో చాలా భాగం గొట్టాల గోడలకే అంటుకుపోతుంది కాబట్టి ఈ సంఖ్య ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. లోపలి పట్టికల్లో కొలిచిన సంఖ్యే ఉంది. ఎవరో టైపు చేసేటప్పుడు వరుస మారింది. మాకు లాభం కలిగించే తప్పు కావడం వల్ల ఇది మరీ ప్రమాదకరం, ఎందుకంటే అవతలి నిపుణుడు పట్టుకుంటే పొరపాటు అనడు, మోసం అంటాడు. మొదటి రోజు బరువు తగ్గడాన్ని పూర్తిగా రసాయనానికే ఆపాదించడం రెండో లోపం. నాలుగు గంటలు గొట్టంలో బంధించడం వల్లనే కొంత తగ్గుతుందని అందరికీ తెలుసు, తమ దగ్గర ఉన్న పాత కంట్రోల్ జంతువుల (రసాయనం ఇవ్వని జంతువుల) సమాచారంతో పోల్చి ఉండవలసింది. రెండూ సరిచేశారు, కానీ దానికి ఏడు ఈమెయిళ్లు, దాదాపు ఐదు వారాలు పట్టింది. ఫోను ఎత్తే ప్రాజెక్ట్ మేనేజరుకు పరీక్ష అర్థం కాదు, పరీక్ష అర్థమయ్యే స్టడీ డైరెక్టర్‌కు ఫోను ఇవ్వరు.

ధర ఇతరుల కన్నా కాస్త ఎక్కువే. జీఎల్‌పీ (మంచి ప్రయోగశాల పద్ధతులు) సర్టిఫికెట్ ఉందన్న ఒక్క మాటతో తృప్తి పడకండి. భారతదేశం 2011 మార్చిలో ఓఈసీడీ పరస్పర అంగీకార వ్యవస్థలో పూర్తి స్థాయి భాగస్వామి అయింది కాబట్టి ఇక్కడి జీఎల్‌పీ నివేదికను యూరప్‌లోనూ అంగీకరిస్తారు. అయితే శ్వాస పరీక్షలు ఆ సర్టిఫికెట్ పరిధిలోకి వస్తాయో లేదో జత చేసిన పట్టిక తెప్పించుకుని చూడాలి. పక్క గదిలో నోటి పరీక్షలు ఎన్ని చేసినా ఈ స్తంభం నడిపిన అనుభవం వేరు.

మా ఫ్యాక్టరీ సేఫ్టీ విభాగం ఈ నివేదిక చూసి 'అయితే లీకైనా భయం లేదన్నమాట' అంది. అలా చదవకూడదు. 2020 మే 7 వేకువజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఇళ్లలోకి వచ్చినప్పుడు ఎవరూ స్థిరమైన గాఢతను లెక్క ప్రకారం నాలుగు గంటలు పీల్చలేదు. దగ్గరున్నవారు కొద్ది సేపట్లోనే ఎక్కువ పీల్చారు. గాఢతకూ సమయానికీ ఉన్న సంబంధం తేల్చే పద్ధతి 403లో వేరుగా ఉంది, దానికి ఎక్కువ జంతువులు కావాలి, మా అవసరం అది కాదు. ఆరు ఎలుకల వర్గీకరణ పరీక్ష లేబుల్ కోసం, సేఫ్టీ డేటా షీట్‌లోని ఒక వరుస కోసం.

తక్షణ పరీక్షకైతే ఈ ల్యాబ్‌ను సిఫారసు చేస్తాను, డ్రాఫ్ట్ రిపోర్టును మాత్రం మీరే పట్టికలతో అక్షరం అక్షరం సరిపోల్చుకోవాలి. మాకు వచ్చే ఏడాది పదేపదే పీల్పించే 28 రోజుల పరీక్ష అవసరం పడవచ్చు. ఆ మార్గదర్శకాన్ని సవరించాక ఊపిరితిత్తులను కడిగి తీసిన ద్రవాన్ని పరీక్షించడం తప్పనిసరి అయింది, ముక్కు లోపలి పొరలను వేర్వేరు స్థాయుల్లో కోసి సూక్ష్మదర్శినిలో చూడాలి. ఈ పనిలో వాళ్ల చేయి ఎంత తిరిగిందో తెలుసుకోవడానికి, పాత అధ్యయనాల్లోని ముక్కు కోతల స్లైడ్లు చూపించమని, మా తరఫున ఒక పాథాలజిస్టును తీసుకొస్తానని అడిగాను. సరేనన్నారు గానీ తేదీ ఇంకా చెప్పలేదు.