కింద ఇనుము కనపడే తుప్పు మందు: డ్రిల్ పైపు థ్రెడ్ల మీద వాడి చూశాక

బావులు తవ్వే డ్రిల్ పైపులను నిల్వ ఉంచేటప్పుడు వాటి థ్రెడ్ల (మరల) మీద పూసే ఈ అంబర్ రంగు స్టోరేజ్ కాంపౌండు గురించి ఒక్క మాటే చెప్పమంటే, దాని కింద థ్రెడ్డు కనపడుతుందని చెబుతాను. తుప్పు పట్టనివ్వదని ప్రతి డబ్బా మీదా రాసే ఉంటుంది. పూశాక కూడా లోపల ఇనుము ఎలా ఉందో చూడనిచ్చింది మాత్రం మా యార్డులో ఇదొక్కటే.

ఇంతకుముందు మేమూ అందరిలాగే జింకు డోపు అనే గ్రీజు పూసి, థ్రెడ్లకు ప్రొటెక్టర్ మూత బిగించి ర్యాకు ఎక్కించేవాళ్ళం. డోపు ఉన్నది పైపు బిగించేటప్పుడు థ్రెడ్లు ఒకదాన్నొకటి పట్టేయకుండా చూడటానికి. నెలల తరబడి తేమను ఆపడం దాని పని కాదు. రాజోలు దాటి సముద్రపు గాలి తగిలే చోట ఆ తేడా ఒక్క వానాకాలంలోనే బయటపడుతుంది. పైకి చూస్తే బూడిదరంగు గ్రీజు చెక్కుచెదరదు, డీజిలు కొట్టి తుడిస్తే బాక్సు (లోపలివైపు థ్రెడ్లున్న పైపు కొస) షోల్డరు మీద, అంటే రెండు పైపులు ఆనుకునే అంచు మీద, గుంటలు. సీలు అయ్యేది ఆ షోల్డరు దగ్గరే. అక్కడ గుంట పడితే మడ్ (తవ్వేటప్పుడు పైపులోంచి పంపే బురద ద్రవం) ప్రెషర్‌తో దారి చేసుకుని ఇనుమును కోసేస్తుంది. ఫేసింగ్ కొట్టిద్దామన్నా (ఆ అంచును చెక్కి నున్నగా చేయిద్దామన్నా) ఒకసారికి అంగుళంలో 32వ వంతు, మొత్తం కలిపి 16వ వంతు, అంతకు మించి తీయకూడదు. ఆపైన థ్రెడ్లే మళ్ళీ కోయించాలి, కోయించిన ప్రతిసారీ టూల్ జాయింటు (పైపు కొసన థ్రెడ్లుండే లావుపాటి భాగం) పొట్టిదవుతుంది. బాక్సులోకి బిగించే రెండో కొస, పిన్నుకైతే షోల్డరు దగ్గరి థ్రెడ్ల అడుగున పడే గుంట ఇంకా ప్రమాదం, పగులు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే.

అసలు సంగతి మొన్నటి వేసవిలో జరిగింది. ఇంకో సైటు నుంచి ఒక లాటు పైపులు దిగాయి. ఆ బావిలో వాడింది పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు కలిపిన మడ్. మామూలుగా అయితే కాలవ నీళ్ళతో కడుగుతారు. అప్పటికి కాలవలకు నీళ్ళు ఆపేశారు, దాంతో అక్కడివాళ్ళు ఊళ్ళో బోరు నీళ్ళతో కానిచ్చారు. సముద్రం పక్క బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని మనవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. కంటికి శుభ్రంగానే ఉన్నాయి కాబట్టి పైన ఈ కాంపౌండు పూసి పంపించేశారు.

జూలై వానలు పట్టుకున్నాక, ప్రొటెక్టర్లు విప్పి బాక్సుల్లోకి టార్చి వేసి చూస్తున్న కుర్రాడు కేకేశాడు: "ఏవండీ, ఇటొకసారి రండి. అడుగున పసుపు చల్లినట్టుందండి!" వెళ్ళి చూస్తే నిజమే. తేనెరంగు పొర కింద, థ్రెడ్డు మూలల్లో సన్నటి గోధుమరంగు చుక్కలు. పొర మాత్రం ఎక్కడా చెదరలేదు. కింద ఉండిపోయిన ఉప్పు తేమను పట్టుకుని తన పని తాను చేసుకుపోతోంది. అప్పటికి కాలవలకు నీళ్ళు వదిలారు. లాటు మొత్తం విప్పించి, కడిగించి, బాగా ఆరాక మళ్ళీ పూయించాం. చుక్కలు బ్రష్‌కే పోయాయి, ఇన్‌స్పెక్షన్‌లో ఒక్క గుంట కూడా తేలలేదు. అదే జింకు డోపు కింద అయితే రిగ్గు నుంచి పిలుపు వచ్చి, పైపు తుడిచే రోజు దాకా ఎవరికీ తెలిసేది కాదు. దీని మీద నాకు ఇంత ఇష్టం కలిగింది అందుకే.

ఒకసారి పూస్తే ఏడాది పాటు చూడక్కర్లేదని దీని గురించి చెప్పే మాట మాత్రం నీడ ఉన్నచోట చెల్లుతుంది. మే ఎండకు పొర మెత్తబడి జారుతుంది. పడుకోబెట్టిన పైపుకు పిన్ను పైవైపు థ్రెడ్ల అంచులు బోడిగా తేలతాయి, కిందవైపు ముద్ద కడుతుంది. మా దగ్గర బాక్సుల్లో ఈ బాధ తక్కువ.

ఇంకొకటి. బావిలోకి దించే ముందు దీన్ని పూర్తిగా తీసేయాలి. దీని మీదే డోపు రాసి బిగిస్తే రాపిడి మారిపోయి టార్క్ (ఎంత బలంగా బిగించాలన్న) లెక్క తప్పుతుంది. డీజిలుతో కడిగితే ఆ డీజిలు జిడ్డు కూడా పొడిగుడ్డతో తుడిచేయాలి. ఇంత పని రిగ్గు ఫ్లోరు మీద ఎవరూ చేయలేరు. అందుకని మేం యార్డులోనే తీసి, డోపు పెట్టి పంపుతున్నాం.

పైపు ఒక బావి నుంచి నేరుగా ఇంకో బావికి పోయేవాళ్ళను ఇది కొనమని నేను చెప్పను. మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, సరైన డోపు, నీళ్ళు నిలవని ప్రొటెక్టర్ పెట్టుకుంటే వాళ్ళకు సరిపోతుంది. రాజమండ్రి వైపు షెడ్డులో పెట్టుకునేవాళ్ళ లెక్క కూడా వేరు. మాది సముద్రపు గాలి, పైన కప్పు లేదు, పైపు మళ్ళీ ఎప్పుడు బయల్దేరుతుందో తెలియదు. వచ్చే వానాకాలానికి బాక్సులన్నిటికీ ఇదే పూయిస్తాను. వానలు పడకముందే ఇంకో పూత వేయడానికి మనిషిని ఇస్తే పిన్నులకూ ఇదే. ఇవ్వకపోతే వాటి వరకు ఎండకు జారని రకం ఏదైనా వెతుక్కోవాలి.