హంపి: ఒక్క రోజు చాలదు

ఒక్క రోజులో హంపి మొత్తం చూపించేస్తామన్న టూర్ ప్యాకేజీలో వెళ్లాం, అదే మేం చేసిన తప్పు. విఠ్ఠల ఆలయంలో ఇచ్చింది అరగంట, పైగా గైడ్ 50 రూపాయల నోటు మీదున్న రాతిరథం ఇదేనని చెప్పి ఫొటోలు దిగమన్నాడంతే. కానీ ఆ రథం ముందున్న ఏనుగుల వెనక్కి వంగి చూడండి, పాత గుర్రాల కాళ్లు ఇంకా కనిపిస్తాయి, ఏనుగులను తర్వాత తెచ్చి పెట్టారట! విరూపాక్ష ఆలయం చీకటి గదిలో గోడమీద తలకిందులుగా పడే గోపురం నీడ మాత్రం అద్భుతం. హేమకూటం కొండ మీద సూర్యాస్తమయం చూడకుండానే బస్సెక్కించారు. ప్యాకేజీకి రెండు స్టార్లు, హంపికి ఐదు. కనీసం రెండు రోజులు ఉండండి, మధ్యాహ్నం ఎండలో ఆ బండల మధ్య తిరగొద్దు.